మెథడ్ రికర్షన్ వ్యయం: ఒక అపోహ చరిత్ర

ఒక మెథడ్ తన పనిలో భాగంగా తననే తిరిగి పిలుచుకోవడాన్ని రికర్షన్ అంటారు. ఇది స్వభావరీత్యా ఖరీదైనదన్న అభిప్రాయం ప్రోగ్రామర్లలో చిరకాలంగా స్థిరపడి ఉంది. ఆ ఖరీదులో అధికభాగం రికర్షన్‌ది కాదనీ, దానిని అమలుపరచే విధానానిదనీ ఈ రంగ చరిత్ర తెలుపుతున్నది.

ఆల్గాల్ 60 భాష రికర్షన్‌కు అవకాశం కల్పించింది. 1960లోనే డైక్‌స్ట్రా ప్రతి పిలుపుకూ స్టాక్‌పై వేరే చోటు కేటాయించే పద్ధతిని వివరించారు. పిలుపుల లోతుతోపాటు స్టాక్ పెరగడం దీని పర్యవసానం. అయితే మెథడ్ చేసే చిట్టచివరి పని మరొక పిలుపే అయినప్పుడు పాత చోటును నిలిపి ఉంచనవసరం లేదు. అటువంటి పిలుపే టెయిల్ కాల్. 1975లో సస్‌మన్, స్టీల్ రూపొందించిన స్కీమ్ భాష ఈ సూత్రాన్ని పాటించింది. పరస్పరం సందేశాలు పంపుకునే హెవిట్ యాక్టర్ల నమూనాను అవగాహన చేసుకునే ప్రయత్నంలోనే ఆ భాష పుట్టింది. పిలుపు ఖరీదైనదన్నది అపోహ అనీ, లోపం కంపైలర్ల నిర్మాణంలో ఉన్నదనీ 1977లో స్టీల్ వాదించారు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలలో మరో చిక్కు ఎదురైంది. సబ్‌క్లాస్ ఒక మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయగలదు కనుక, తననే పిలిచినట్లు కనిపించే పిలుపు వేరే మెథడ్‌కు చేరవచ్చు. అందువల్ల కంపైలర్ దానిని నిస్సందేహంగా లూప్‌గా మార్చలేదు. 1984లో డాయిచ్, షిఫ్‌మన్ స్మాల్‌టాక్‌లో, ముందుసారి దొరికిన మెథడ్‌ను పిలుపు స్థానంలోనే గుర్తుంచుకునే ఇన్‌లైన్ క్యాష్‌ను ప్రవేశపెట్టారు. 1991లో హోల్జ్‌లె, చేంబర్స్, ఉంగర్ సెల్ఫ్ భాష కోసం దానిని పలు రకాల ఆబ్జెక్టులకు విస్తరింపజేశారు. మెథడ్‌ను వెదికే కాలం తగ్గింది. స్టాక్ పెరుగుదల మాత్రం వేరే సమస్యగా మిగిలింది.

1996 నాటి జావా భాషా నిర్దేశ గ్రంథ రచయితలలో స్టీల్ ఒకరు. అయినా జావా టెయిల్ కాల్ హామీ ఇవ్వలేదు. భద్రతా తనిఖీ స్టాక్‌పై ఆధారపడటం ఇందుకు అడ్డుగా చెప్పబడింది. 2004లో క్లెమెంట్స్, ఫెలైజన్ ఆ రెండూ కలిసి మనగలవని నిరూపించారు. జావా యంత్రంపై నడిచే స్కాలా, ఓవర్‌రైడ్‌కు వీలులేని మెథడ్‌ల స్వీయ టెయిల్ కాల్‌లను మాత్రమే లూప్‌గా మారుస్తుంది.

కావున "రికర్షన్ వద్దు" అన్నది సార్వత్రిక నియమం కాదు. కొన్ని యంత్రాల నిర్మాణ నిర్ణయం మాత్రమే. తరగతి గదిలో ఆ నిర్ణయం సిద్ధాంతంగా బోధింపబడితే, సమస్యను సహజంగా వ్యక్తపరచే ఆలోచనా రీతినే విద్యార్థి కోల్పోతాడు.