పుట్టిల్లు సముద్రానికి ఆవల: అండమాన్ బాలింతలకు తల్లిపాల తొలి పాఠాలు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగువారు. వీరిలో అనేకుల పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చినవారే. తొలి కాన్పునకు పుట్టింటికి వెళ్లడం ఆచారమైనా, నేడు శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి విశాఖకు ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. అందువల్ల ఇక్కడే పురుడు పోసుకొనే తల్లికి, పక్కన కూర్చొని బిడ్డకు పాలు పట్టించడం నేర్పే అమ్మ ఉండకపోవచ్చు. ఆ లోటు మొదటి వారంలోనే తెలుస్తుంది. పాలు చాలవేమోనన్న భయంతో డబ్బాపాలు ఇంటికి చేరేదీ అప్పుడే.

ఆ భయం చాలావరకు నిరాధారం. కాన్పయిన తొలి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కని ముర్రుపాలు. చూపునకు కొద్దిగానే ఉన్నా, శిశువు చిన్న పొట్టకు అవి చాలును. రోగనిరోధక శక్తినీ ఇస్తాయి. వీటిని పిండి పారబోయడం, తేనె నాకించడం, పంచదార నీళ్లు పోయడం వంటి పాత అలవాట్లు విడనాడవలసినవి. పెద్దల మాటలన్నీ ఈ విషయంలో పాటింపదగినవి కావు. పుట్టిన గంటలోగా బిడ్డను రొమ్మున చేర్చాలి. సిజేరియన్ అయినా, తల్లి తెలివిగా ఉంటే ఇది సాధ్యమే.

బిడ్డ చీకిన కొద్దీ పాలు ఊరుతాయి. డబ్బాపాలతో కడుపు నిండిన బిడ్డ తక్కువగా చీకుతుంది, దానితో పాలు నిజంగానే తగ్గుతాయి. రేయింబవళ్లు కలిపి 8 నుండి 12 సార్లు పాలివ్వడం అవసరం. మొదటి వారం చివరికి రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, తొలి రోజుల్లో తగ్గిన బరువును రెండు వారాలకు తిరిగి పొందితే పాలు చాలుతున్నట్లే.

చనుమొన పగిలి బాధిస్తే, చాలా సందర్భాలలో కారణం బిడ్డ పట్టు సరిగా లేకపోవడమే. బిడ్డ నోరు బాగా తెరచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా అధికంగా పట్టాలి; గడ్డం రొమ్మునకు ఆనాలి.

ఆరు నెలల వరకు మంచినీళ్లు సైతం అవసరం లేదు. ఉక్కపోత ఎంత ఉన్నా తల్లిపాలలోని నీరే సరిపోతుంది. వేసవిలో నీటికి కటకటపడే దీవులలో, సీసాలు మరిగించి డబ్బాపాలు కలపడం కన్నా ఇది ఎంతో సురక్షితం. ఆరు నెలలు నిండాక ఇంటి ఆహారం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వవచ్చు.

పనికి వెళ్లే తల్లి శుభ్రమైన, మూతగల పాత్రలో పిండి ఉంచిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు నిలువ ఉంటాయి. వాటిని ఉగ్గుగిన్నెతో పట్టాలి, సీసాతో కాదు.

సహాయానికి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను, అంగన్‌వాడీని అడగవచ్చు. తల్లిపాల ప్రోత్సాహానికి కేంద్రం 2016లో 'మా' కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1992 నాటి చట్టం ప్రకారం పాలడబ్బాల ప్రకటనలు, తల్లులకు ఉచిత నమూనాల పంపిణీ నిషిద్ధం. ఇంట్లో వంట, బట్టలు, రాత్రివేళ బిడ్డను ఎత్తుకోవడం భర్త పంచుకొంటే తల్లికి నిద్ర దొరుకుతుంది.

రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వచ్చినా పాలు ఆపరాదు; వైద్యుని చూడాలి. బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా, పచ్చబడుతున్నా ఆలస్యం చేయక సమీప ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దూరపు దీవులలో నివసించేవారు పడవ వేళలను ముందే తెలుసుకొని ఉంచుకోవాలి.