తవ్వినోళ్ల పేర్లు

ఏలూరు నుంచి కామవరపుకోట వైపు పోతే గుంటుపల్లి గుహలొస్తాయి. కొండను తొలిచి గుండ్రంగా చేసిన బౌద్ధ చైత్యం ఉందక్కడ. లోకప్పుకి చెక్క వాసాల్లాగే రాతి వాసాలు చెక్కారు. లోపలున్న స్తూపాన్ని జనం ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. బుద్ధుణ్ని లింగం చేయడం మన దేశంలో కొత్తేం కాదు కాబట్టి దాని జోలికి పోను. నన్ను నిలబెట్టింది పైనున్న మండపం స్తంభాలు. కళింగ, మహిషక దేశాలకు అధిపతినని చెప్పుకున్న మహామేఘవాహన సిరిసద అనే రాజు దగ్గర లేఖకుడు చూళగోముడు, ఆ మండపం తన దానమని బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. ఒకసారి కాదు, అదే మాట స్తంభం తర్వాత స్తంభం మీద.

లేఖకుడంటే గుమాస్తా. రాజు కాదు, సేనాపతి కాదు. అయినా రెండు వేల ఏళ్లుగా బతికే ఉన్నాడు, రాత అతని చేతిలో ఉంది కాబట్టి. ఆ కొండను తొలిచినోళ్లెవరు? ఉలి దెబ్బలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. పేర్లు లేవు.

ఊళ్ల చరిత్రను కాగితం మీద పెట్టినోళ్లలో ముందువరసలో ఉన్నది కూడా మా ఏలూరు మనిషే. కావలి వెంకట బొర్రయ్య మెకంజీ దగ్గర పనిచేసి 1803లో చిన్నవయసులోనే పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. అవి లేకపోతే ఇవాళ మన ఊళ్ల చరిత్ర సగం తెలియదు, ఒప్పుకుంటాను. కానీ చెప్పిందెవరు? కరణం చెప్పాడు, అగ్రహారీకుడు చెప్పాడు. అందుకే గుడి ఎవరు కట్టించారో, దేవుడి మాన్యం ఎంతో, చెరువు ఎవరి పేరనో అందులో దొరుకుద్ది. మా పేటకొచ్చి ‘మీ తాత ఎవర్రా, ఇక్కడికెప్పుడొచ్చారు’ అని అడిగినోడు లేడు.

కాలవ సంగతీ అంతే. 1832-33 నందన కరువు మా వైపు జనాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. గోదావరి నుంచొచ్చే ఏలూరు కాలవ, బెజవాడ నుంచొచ్చే ఏలూరు కాలవ మా ఏలూరు దగ్గరే కలుస్తాయి. డెల్టాలో ఎక్కడ చూసినా కాటన్ విగ్రహమే. ఆయన్ని తక్కువ చెయ్యను, ఆకలి తెలిసిన మనిషి. ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న పేరు కూడా రాయికెక్కింది. మన్ను తవ్వి, తట్టలు మోసి, గట్లేసిన ఒడ్డెర్లు, మాలలు, మాదిగలు మాత్రం లెక్కల్లో కూలీలు, అంటే ఒక అంకె. కాలవలొచ్చాక మాగాణి అయిన పొలాలు ఎవరికొచ్చాయో మీకు చెప్పక్కర్లేదు.

మరి మేం ఏ కాగితంలోనూ లేమా? ఉన్నాం. మనల్ని గౌరవించడానికి రాయలేదు, పనికి కట్టెయ్యడానికి రాశారు. 1858లో మద్రాసు సర్కారు ఈనాం కమిషన్ వేసింది. అప్పుడు రాసిన ఈనాం రిజిస్టర్లలో కరణం, తలారిలతో పాటు వెట్టివాడికీ మాన్యం పడింది. చచ్చిన పశువును లాగినందుకు, దండోరా వేసినందుకు, దొరల మూటలు మోసినందుకు ముక్క చెక్క. ఆ ముక్క మాదని చెప్పడానికి ఇవాళ అదే కాగితం కావాలి. 1956 ఈనాం రద్దు చట్టం కింద పట్టా అడిగినా మొదట చూపమనేది దాన్నే.

మా నాన్న దానికోసం తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. ఒక ఆఫీసులో ‘ఆ పేజీ చెదలు తినేసింది, పోవయ్యా’ అన్నారు. పక్కనే ఊళ్లో ఆసామి పొలం పేజీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. చెదలకీ కులం తెలుసని నాన్న నవ్వాడు. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు కరణాల ఇళ్లలో ఉన్న కాగితాలన్నీ సర్కారుకి చేరలేదని ఊరందరికీ తెలుసు. పైగా మా తాలూకా మొదట గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత కృష్ణాలోకి పోయింది, 1925లో పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు జిల్లా. కచేరీ మారినప్పుడల్లా కాగితాలు బండెక్కాయి. వెతికే విద్యార్థులు ఒక్కచోట అడిగి ఊరుకోవద్దు.

రెండో కాగితం బాప్తిస్మం రిజిస్టరు. సి.ఎం.ఎస్. దొరలు ఏలూరులో 1854లో మిషను పెట్టారు. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య బాప్తిస్మం పుచ్చుకున్న తర్వాత మాలపల్లెలు కదిలాయి. దొరలు రాసిన ఉత్తరాలు ఇంగ్లాండులో, బర్మింగ్‌హాం యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. మా ఊరి రిజిస్టరు మాత్రం చర్చి బీరువాలో పాటల పుస్తకాల కింద ఉంది. కొల్లేటి చెమ్మకి అంచులు నల్లబడ్డాయి. అందులోనే మా తాతమ్మ ఉంది. పాత పేరు గ్రామదేవతది, కొత్త పేరు బైబిల్ది, పక్కన తండ్రి పేరు, ఊరు, కులం. మా ఇంటి ఆడమనిషి పేరు అక్షరాల్లో పడటం అదే మొదలు. మతం మారితే ఏమొచ్చిందని వాదించేవాళ్లు ఆ వరస ఒకసారి చూడాలి.

ఆమధ్య చర్చి పైకప్పు బాగుచేయించి, చందాలిచ్చినోళ్ల పేర్లు పాలరాతి మీద చెక్కించారు. రిజిస్టరుకి అట్ట లేదు. మా పేట పిల్లలు నలుగురు ఆదివారాలు కూర్చుని దాన్ని నోటుపుస్తకంలోకి ఎత్తి రాస్తున్నారు. పేజీ పేజీకీ ఫొటో తీస్తున్నారు. ఇద్దరు ముసలాళ్లు పక్కనే కూర్చుని అక్షరం చెదిరినచోట ‘అది ఫలానావాళ్ల అత్తగారు రా, పెదపాడు పిల్ల’ అని చెబుతున్నారు. ఇప్పటికి నలభై పేజీలయ్యాయి.