అడుగుల లెక్కన అమ్ముడైన కొండ: కామ్‌స్టాక్ గని షేర్లు, 1859–1880

1862 నాటి వర్జీనియా సిటీలో మనిషి ఆస్తిని ఎకరాల్లో చెప్పుకునేవారు కాదు, అడుగుల్లో చెప్పుకునేవారు. నెవాడా ఎడారి కొండ మీద మూడేళ్ల కిందటే పుట్టిన ఊరది. అడుగంటే నేల మీద కొలిచే అడుగు కాదు. కొండ కడుపులో పరుచుకున్న ఖనిజపు సిర పొడవునా ఒక అడుగు. దాని కింద వెండి ఉందో, వట్టి రాయే ఉందో కొన్నవాడికి తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. అక్కడి ‘టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్’ పత్రికలో ఆ ఏడు విలేకరిగా చేరిన శామ్యూల్ క్లెమెన్స్‌కు కొత్త గనుల వాళ్లు ఇలాంటి అడుగులు ఊరికే ఇచ్చేవారు. తమ గని గురించి పత్రికలో నాలుగు మంచి ముక్కలు పడితే చాలు. మార్క్ ట్వేన్ అనే కలంపేరు ఆయన పెట్టుకున్నది ఆ పత్రికలోనే, 1863లో. ఆ కాగితాలతో తన పెట్టె ఎలా నిండిందో, అవి చివరికి ఎందుకూ కొరగాకుండా ఎలా పోయాయో 1872లో అచ్చయిన ‘రఫింగ్ ఇట్’లో నవ్విస్తూ చెప్పుకున్నాడు.

కామ్‌స్టాక్ అనే ఈ సిరను చరిత్ర పుస్తకాలు ఎక్కువగా వెండి కథగానే చెబుతాయి. ఇరవై ఏళ్లలో ఆ కొండ నుంచి సుమారు 30 కోట్ల డాలర్ల వెండీ బంగారం బయటికి వచ్చాయి కాబట్టి అలా చెప్పడంలో తప్పు లేదు. అయితే అదే ఇరవై ఏళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో చేతులు మారిన కాగితం విలువ ముందు ఈ మొత్తం చిన్నది. ఆ కాగితం దాన్ని కొన్నవాడికి ఏ హక్కు ఇచ్చింది, అతని నుంచి ఏమి లాక్కుంది అనేది ఈ వ్యాసానికి ముఖ్యం. గనిలోని లోహంలో భాగం ఇస్తామన్న మాట షేరు మీద ఉంది. ఆచరణలో మాత్రం అది జేబులోకి చెయ్యి పెట్టడానికి కంపెనీకి దొరికిన దారి అయింది.

1859 జూన్‌లో సిక్స్ మైల్ కాన్యన్ ఎగువన బంగారపు ఇసుక కడుగుతున్న పాట్రిక్ మెక్‌లాఫ్లిన్, పీటర్ ఒరైలీలకు బరువైన నీలిరంగు మట్టి అడ్డుపడింది. విసుక్కుని పక్కకు పారబోశారు. దాన్ని కాలిఫోర్నియాకు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే టన్నుకు వేల డాలర్ల విలువ తేలింది, అందులోనూ ఎక్కువ భాగం వెండి. అంతలో ఆ చోటు తనదేనని దబాయించి వాటా సంపాదించిన హెన్రీ కామ్‌స్టాక్ పేరే మొత్తం సిరకు స్థిరపడింది. ఈ మొదటి మనుషులెవరికీ లోతు తవ్వే స్తోమతు లేదు. మెక్‌లాఫ్లిన్ 3,500 డాలర్లకు, కామ్‌స్టాక్ సుమారు 11 వేలకు అమ్ముకున్నారు. ఆల్వా గూల్డ్ అనే అతను తన వాటాను 450 డాలర్లకు వదిలేశాడు. అతని పేరున్న ‘గూల్డ్ అండ్ కర్రీ’ గనిలో 1863 నాటికి ఒక్క అడుగే ఆరు వేల డాలర్లు దాటి పలికింది. అందరికన్నా ఆలస్యంగా అమ్మి ఎక్కువ రాబట్టుకున్న ఒరైలీ కూడా ఆ డబ్బును షేర్లలోనే పోగొట్టుకున్నాడు.

సిర లోతుకు పోయే కొద్దీ వెడల్పయింది, చుట్టూ రాయి మెత్తబడింది, వేడినీళ్లు ఊరాయి. మామూలు ఆసరా దుంగలు నిలవలేదు. 1860లో ఓఫిర్ గనిలో ఫిలిప్ డైడ్స్‌హైమర్ అనే జర్మన్ ఇంజనీరు దూలాలను చదరపు గళ్లుగా ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతి కనిపెట్టాకే గని నిలదొక్కుకుంది. దూలాలు, పంపులు, దంచే మిల్లులు అన్నిటికీ పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి సియెర్రా నెవాడా పర్వతాలకు అవతల, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. 1862 సెప్టెంబరులో నలభై మంది దాకా బ్రోకర్లు కలిసి అక్కడ స్టాక్ అండ్ ఎక్స్ఛేంజ్ బోర్డు పెట్టారు. పేరుపేరునా గనిని పిలవడం, పిలిచిన గని మీద కేకలు వేసి బేరం కుదుర్చుకోవడం అక్కడి తంతు. ఇక అడుగులు పోయి షేర్లు వచ్చాయి. దూరపు కొండలు నునుపన్న మాట ఎక్కడైనా అక్షరాలా నిజమైందంటే ఆ హాల్లోనే.

కోర్టు ఖర్చులూ ఇంతింత కాదు. సిర పైకొస ఎవరి హద్దులో ఉంటే, పక్క హద్దు కిందికి వంగి పోయినా దాన్ని వెంటాడి తవ్వుకునే హక్కు వారిది. మరి కొండలో ఉన్నది ఒకటే సిరా, పక్కపక్కన అనేక సిరలా? ఈ ఒక్క ప్రశ్న మీద లాయర్లు బాగుపడ్డారు. వాళ్లలో విలియం స్టూవర్ట్ ఆ పలుకుబడితోనే నెవాడా తొలి సెనెటర్లలో ఒకడయ్యాడు. న్యాయమూర్తుల మీద లంచం ఆరోపణలు ముదిరి 1864లో టెరిటరీ జడ్జీలు రాజీనామా చేయాల్సి వచ్చింది.

అసలు కిటుకు అసెస్‌మెంట్‌లో ఉంది. కాలిఫోర్నియా చట్టం కింద నమోదైన గని కంపెనీ ఖజానా ఖాళీ అయితే డైరెక్టర్లు షేరుకింత అని అదనపు సొమ్ము విధించవచ్చు. ఒకసారి కాదు, ఎన్నిసార్లయినా. గడువులోగా కట్టకపోతే ఆ షేరును బాకీ షేరుగా పత్రికలో ప్రకటించి వేలం వేస్తారు. లోతైన గనికి ఆగని డబ్బు కావాలి కాబట్టి ఇది సబబైన ఏర్పాటేనని వాదించేవారున్నారు. అందులో కొంత నిజముంది. అసెస్‌మెంట్ లేకపోతే తర్వాత దొరికిన పెద్ద నిధుల దాకా ఎవరూ తవ్వి ఉండేవారు కాదు. కానీ చిన్న వాటాదారు పరిస్థితి చూడాలి. గనిలో రాయి తప్ప ఏమీ తగలడం లేదన్న కబురుతో ధర పడిపోతుంది. సరిగ్గా అప్పుడే అసెస్‌మెంట్ నోటీసు వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. కడితే మునిగిన డబ్బుకు మరికొంత తోడు, కట్టకపోతే ఉన్నదీ పోయె. విసిగి వదిలేసిన షేర్లను చౌకగా ఏరుకునేవాడు లోపలి మనిషే అయి ఉంటాడు.

పోలికకు మన దగ్గరి గని ఒకటుంది. చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లో, తెలుగువాళ్లూ పనిచేసిన కోలారు బంగారు గనుల్లో 1880లో లండన్‌లో నమోదైన మైసూరు కంపెనీ షేరు పౌను నుంచి పెన్నీలకు పడిపోయింది. అక్కడ ముఖవిలువ చెల్లించాక వాటాదారు మీద ఇంకో బాకీ ఉండదు. డబ్బు అయిపోవస్తుంటే ఉన్న కాస్తా ఖర్చుపెట్టాలా, మూసేయాలా అని వాటాదారులనే అడగాల్సి వచ్చింది. వాళ్లు ఒప్పుకున్నాకే ప్లమర్ అనే మేనేజరు చాంపియన్ రీఫ్‌ను పట్టుకున్నాడు. కామ్‌స్టాక్‌లో అలా అడిగే అవసరమే లేదు, విధిస్తే సరిపోయేది.

కాబట్టి ధర ఎప్పుడూ ఖనిజాన్ని బట్టే పెరిగేది కాదు. విధించే అధికారం, మిల్లు కాంట్రాక్టు ఇచ్చే అధికారం డైరెక్టర్ల చేతిలో ఉన్నప్పుడు ఆ కుర్చీల కోసమే పోటీ సాగేది. 1868 ఆరంభంలో హేల్ అండ్ నార్‌క్రాస్ గని వార్షిక ఎన్నికకు ముందు రెండు వర్గాలు షేర్ల కోసం కొట్లాడుకుంటే ధర ఏడు వేల డాలర్లకు ఎగబాకింది. గనిలో కొత్తగా దొరికిందేమీ లేదు. ఎన్నిక ముగియగానే అంతా కూలింది. ఇలియాస్ బాల్డ్విన్‌కు ‘లక్కీ’ అన్న పేరు ఈ గని షేర్లతోనే వచ్చిందంటారు. ధర పడితే అమ్మెయ్యమని బ్రోకరుకు చెప్పి ఆయన ఏనుగుల వేటకు ఇండియా ఓడెక్కాడట. షేర్లున్న ఇనప్పెట్టె తాళంచెవి మాత్రం జేబులోనే ఉండిపోయింది. అమ్మలేకపోయిన షేర్లు ఆయన తిరిగొచ్చేసరికి సంపద అయ్యాయి. కథ నిజమో, కల్పనో గానీ ఆ బజారు తన గురించి తాను ఇలా చెప్పుకోవడానికి ఇష్టపడింది.

హేల్ అండ్ నార్‌క్రాస్ ఎన్నికలో గెలిచింది విలియం షారన్. 1864లో విలియం రాల్స్టన్, డేరియస్ మిల్స్ నెలకొల్పిన బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియాకు వర్జీనియా సిటీలో ఏజెంటు. ఊళ్లో అందరూ నెలకు మూడు నుంచి అయిదు శాతం వడ్డీ గుంజుతుంటే ఈయన రెండు శాతానికే మిల్లులకు అప్పిచ్చాడు, తీర్చలేనివాళ్ల మిల్లులు జప్తు చేశాడు. 1867లో అవన్నీ యూనియన్ మిల్ అండ్ మైనింగ్ కంపెనీ కిందికి వచ్చాయి, 1869లో వర్జీనియా అండ్ ట్రకీ రైలూ వేశారు. గని లాభం వాటాదారులందరిదీ. మిల్లు లాభం, రైలు కిరాయి బ్యాంకు ముఠావి. గిట్టుబాటు కాని నాసి ఖనిజాన్నీ మిల్లు ఖాళీగా ఉండకూడదని దంచించేవారు. నష్టం గని పద్దులోకి పోయేది, ఆ లోటు అసెస్‌మెంట్‌గా మారేది.

ఇంతటి షారన్‌నూ సమాచారమే దెబ్బతీసింది. 1870 చివర క్రౌన్ పాయింట్ షేరు మూడు డాలర్లకు దిగజారింది. గని సూపరింటెండెంట్ జాన్ జోన్స్‌కు లోతులో మంచి ఖనిజం ఆనవాళ్లు కనిపించాయి. ఆయన ఆల్వింజా హేవర్డ్‌తో కలిసి చప్పుడు లేకుండా కొన్నాడు. షారన్ తేరుకునేసరికి పెత్తనం చేజారింది. తన దగ్గరున్న షేర్లను 1871లో హేవర్డ్‌కే దాదాపు 14 లక్షల డాలర్లకు అమ్మేశాడు. 1872 మేలో ఆ షేరు 1,825 డాలర్లు పలికింది. అదే నెలలో షారన్ వర్గం ఒక నింద వేసింది: 1869 ఏప్రిల్‌లో కనీసం 35 మందిని బలిగొన్న యెల్లో జాకెట్ గని అగ్నిప్రమాదం జోన్స్ పనేనని, షేర్ల ధర పడగొట్టడానికే నిప్పు పెట్టించాడని. రుజువు లేదు. బజారు మాత్రం కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. జోన్స్, షారన్ ఇద్దరూ తర్వాత అమెరికా సెనేట్‌లో నెవాడా సభ్యులయ్యారు.

కబురు బయటికి పొక్కకుండా చేసిన ఏర్పాట్లు చిత్రంగా ఉండేవి. మంచి ఖనిజం తగిలిన షిఫ్టు కూలీలను పైకి రానివ్వకుండా, తిండీ విస్కీ కిందికే పంపి, కూలి లెక్కకట్టి రోజుల తరబడి గనిలోనే ఉంచేవారు. యజమానులు పైన కొనుగోలు ముగించేదాకా వాళ్లకు చెర తప్పదు. రోజుకు నాలుగు డాలర్ల కూలి తీసుకునే ఆ మనుషులూ షేర్లు కొనేవాళ్లే.

1872 నాటికి కన్సాలిడేటెడ్ వర్జీనియా గనిని పాత యజమానులు దాదాపు వదులుకున్నారు. జాన్ మెకే, జేమ్స్ ఫెయిర్ అనే గని తెలిసిన ఇద్దరు, జేమ్స్ ఫ్లడ్, విలియం ఒబ్రయన్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో సారా దుకాణదారులు కలిసి చౌకగా చేజిక్కించుకున్నారు. పక్క గని నుంచి 1,167 అడుగుల లోతున సొరంగం తవ్వించి, 1873 మార్చిలో అమెరికా చూసిన అతిపెద్ద వెండి నిధుల్లో ఒకదాన్ని తాకారు. నలుగురూ ఐరిష్ వంశీకులే. 1875 జనవరిలో షేరు 700 డాలర్లు దాటింది. చదరపు గళ్ల డైడ్స్‌హైమర్ అక్కడ 150 కోట్ల డాలర్ల ఖనిజం ఉందని లెక్కకట్టాడు. టంకశాల నిపుణుడు రాబర్ట్ రోజర్స్ 30 కోట్లన్నాడు, జాగ్రత్త కోసం సగానికి కుదించాడు. ఆ నిధి మీదున్న రెండు గనులు, కన్సాలిడేటెడ్ వర్జీనియా, కాలిఫోర్నియా, కలిపి చివరికి ఇచ్చింది సుమారు 10.5 కోట్లు. తన లెక్కను తానే నమ్మి షేర్లు కొన్న డైడ్స్‌హైమర్ ఆ ఏడే దివాలా తీశాడు. ఇలాంటి బజారులో అబద్ధం చెప్పేవాడి కన్నా తాను చెప్పింది నిజమనుకునే నిపుణుడే ప్రమాదమేమో.

1875 ఆగస్టు 26న బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా తలుపులు మూసింది. మర్నాడు రాల్స్టన్ శవం సముద్రపు నీళ్లలో తేలింది.

నిధి యజమానులు మాత్రం పాత ముఠా పాఠాన్నే ఇంకా శ్రద్ధగా ఒప్పజెప్పారు. మిల్లు కంపెనీ తమదే, కలప తమదే, దంచగా మిగిలిన మడ్డి కూడా మిల్లుకే. దీని మీద వాటాదారులు కోర్టుకెక్కారు. అయినా నెలనెలా షేరుకు పది డాలర్ల చొప్పున పది లక్షలకు పైగా డివిడెండు పంచిన గనిని తిట్టడం కష్టం.

ఇరవై ఏళ్ల లెక్క తీస్తే కామ్‌స్టాక్ గనులన్నీ పంచిన డివిడెండ్లు దాదాపు 12 కోట్ల డాలర్లు, వసూలు చేసిన అసెస్‌మెంట్లు 6 కోట్లు దాటాయి. మొత్తం మీద లాభమే కదా అనిపిస్తుంది. విడదీస్తే బొమ్మ మారుతుంది. కన్సాలిడేటెడ్ వర్జీనియా, కాలిఫోర్నియా కలిసి 7 కోట్లకు పైగా పంచాయి. క్రౌన్ పాయింట్, బెల్చర్ అనే మరో గని కలిసి రెండున్నర కోట్లకు పైగా. ఈ నాలుగింటిని తీసేస్తే మిగిలిన పదుల కొద్దీ గనులకు డివిడెండ్లుగా మిగిలేది రెండు కోట్ల చిల్లర, అసెస్‌మెంట్లలో మాత్రం సింహభాగం వాటిదే. పైగా ఆ నాలుగింటి లాభమూ చౌకలో కొని దాచుకున్నవాళ్లకే ఎక్కువ దక్కింది. 1,825కో, 700కో కొన్నవారికి డివిడెండ్లతో అసలు తిరిగి రాలేదు.

అలా కొన్నవారిలో వంటమనుషులు, చాకలివాళ్లు, గుమాస్తాలు, బడిపంతుళ్లు ఉన్నారు. బ్రోకరు ధరలో కొంత అప్పిచ్చేవాడు, షేరు తన దగ్గరే పెట్టుకునేవాడు, ధర కాస్త పడితే అమ్మేసేవాడు. సర్వం పోగొట్టుకుని కూడా రోజూ ఎక్స్ఛేంజ్ దగ్గరి సందులో తిరుగుతూ చిల్లర షేర్ల బేరాలాడే ఆడవాళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో ‘బురదకోళ్లు’ అని పేరు పెట్టింది. ఆ సందు పేరు ‘పాపర్ అల్లీ’, అంటే బికారుల సందు. ఈ పేర్లు పెట్టినవాళ్లే వాళ్లకు షేర్లు అంటగట్టారన్నది మరచిపోకూడదు.

1878లో సియెర్రా నెవాడా గని పేర ఆఖరి పెద్ద ఊపు వచ్చింది. కొద్ది డాలర్ల షేరు సెప్టెంబరుకు 280కి చేరింది, నవంబరులో నేలకు దిగింది. ఆ కసి మీద 1879 కాలిఫోర్నియా రాజ్యాంగంలో ఒక కట్టడి చేరింది: మార్జిన్ మీద, అంటే అలా బ్రోకరు అప్పుతో, చేసుకున్న షేర్ల ఒప్పందం చెల్లదు, కట్టిన డబ్బు కోర్టు ద్వారా తిరిగి రాబట్టుకోవచ్చు. అసెస్‌మెంట్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మంచి ఖనిజం అయిపోయి, వర్జీనియా సిటీ సగం ఖాళీ అయ్యాక కూడా కామ్‌స్టాక్ కంపెనీల బాకీ షేర్ల జాబితాలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికల్లో ఏళ్ల తరబడి పడుతూనే ఉన్నాయి, వేలం తేదీతో సహా.