వృద్ధుల గృహములు: వాటి చరిత్ర, వాటిని చూడవలసిన విధము

ఈ శతజయంతి సంచికలో దేవాలయములను, బడులను, ఆసుపత్రులను గూర్చి వ్రాయు సోదరులు అనేకులున్నారు గనుక నేను మరియొక గృహమును గూర్చి వ్రాయదలచినాను. అది వృద్ధుల గృహము. కారణము మా ఇంటిలోనిదే. మా పెద్దమ్మ ముప్పది యేండ్లు బైబిలు స్త్రీగా పల్లెపల్లె నడచిన మనిషి. చిన్న వయస్సులోనే విధవరాలైనది, సంతానము లేదు. ఇప్పుడు 82 యేండ్లు. తుంటి ఎముక విరిగిన తరువాత మా యొద్దనే ఉన్నది. పాస్టరుకు కొన్ని యేండ్లకొక బదిలీ తప్పదు. ఇప్పటి పార్సనేజికి మెట్లెక్కువ, స్నానపు గది పెరటిలో. నా భార్య బడికి, నేను సంఘములకు పోయిన తరువాత పగలంతా ఆమె ఒంటరి. ఆరు నెలలలో రెండుసార్లు పడినది. తలిదండ్రులను ఆశ్రమములలో వదలువారిని గూర్చి నేను ప్రసంగ వేదిక నుండి గట్టిగానే మాట్లాడియున్నాను. ఆ ప్రసంగము విన్నవారు ఇప్పుడు నన్ను చూచుచున్నారు.

అందుచేత ముందుగా చరిత్రను తిరగవేసినాను. యెరూషలేము సంఘములో మొదటి సణుగుడు భోజనపు బల్లల యొద్దనే పుట్టినది. దినదినము పంచిపెట్టు ఆహారములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు మరువబడుచున్నారని ఫిర్యాదు రాగా ఏడుగురిని ఆ పనికి ఏర్పరచినారు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము ప్రకారము పిల్లలు, మనుమలు గలవారి భారము మొదట ఇంటివారిది. ఎవరును లేనివారిని సంఘము తన లెక్కలో చేర్చుకొనవలెను, అట్టివారి వయస్సు 60కి తక్కువ కాకూడదు. మన దేశములో 2007లో వచ్చిన చట్టము కూడ ఆ 60నే గీతగా పెట్టుట విచిత్రము. క్రీ.శ. 370 ప్రాంతమున కప్పదొకియలోని కైసరయ బిషప్పు బసీలు బీదలకు, రోగులకు పట్టణము వెలుపల గృహములు కట్టించినాడు. ఆరవ శతాబ్దపు జస్టీనియను చట్టములలో వృద్ధుల గృహములకు ప్రత్యేకమైన పేరే ఉన్నది. కాబట్టి ఇవి నిన్న మొన్న పుట్టినవని, కుటుంబములు చెడిపోయిన తరువాతనే వచ్చినవని నేను చెప్పుచు వచ్చిన మాట సరికాదు.

ఈ చరిత్రలో నా మనస్సును పట్టుకొన్నది జాన్ జుగాన్ అను ఫ్రెంచి స్త్రీ కథ. ఈమె 1792లో పుట్టినది. వంటింటి పనిమనిషి, ఆసుపత్రి పరిచారిక. 1839 చలికాలములో సాన్ సెర్వాన్ అను ఊరిలో చూపు లేని ఒక వృద్ధ విధవరాలిని తన ఇంటికి తెచ్చి, తన పడకను ఆమెకిచ్చి, తాను అటకమీద పండుకొన్నది. మరి కొందరు వృద్ధులు వచ్చినారు. ఆమె బుట్ట చేతబట్టి ఇల్లిల్లు తిరిగి అడిగి తెచ్చి వారిని పోషించినది. అటుపిమ్మట పైవాడైన గురువు 1843లో ఆమెను నాయకత్వమునుండి తప్పించినాడు. 1879లో ఆమె చనిపోవు నాటికి ఆ మఠములోని చిన్న సిస్టర్లలో అనేకులకు తమ స్థాపకురాలు ఈ ముసలమ్మయేనని తెలియదు. వారే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్. 1882లో కలకత్తాకు వచ్చినారు. సికింద్రాబాదులోను వారి గృహము ఉన్నది. వారు రోమను కతోలికులు, మనము కాము. అయినను నేర్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. ఆమె మొదట ఇచ్చినది తన పడకను. కట్టడము తరువాత వచ్చినది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇంగ్లండులో ఉన్నది. 1834 చట్టము తరువాత అక్కడ బీదలను వర్కుహౌసులలో పెట్టినారు. ఎవరును ఇష్టపడి రాకుండునట్లు వాటిని కఠినముగా నడుపుట ఉద్దేశపూర్వకమే. భార్యాభర్తలను కూడ విడదీసినారు. 60 దాటిన దంపతులను బలవంతముగా విడదీయకూడదని 1847లో గాని చట్టము రాలేదు. 1948లో ఆ బీదల చట్టము రద్దయినది గాని అవే గోడల నడుమ వృద్ధులు మిగిలిపోయినారు. పీటరు టౌన్‌సెండు అను పండితుడు ఇంగ్లండు, వేల్సులలో 173 గృహములను స్వయముగా చూచి 1962లో 'ది లాస్ట్ రెఫ్యూజ్' అను గ్రంథమును ప్రకటించినాడు. వసతి, సిబ్బందితో పాటు వృద్ధులకు చేయుటకు పని ఉన్నదా, దినచర్యలో స్వేచ్ఛ ఉన్నదా అనియు పరిశీలించినాడు. కొంచెము సహాయముంటే బయట బ్రతుకగలవారు అనేకులు లోపల ఉన్నారని అతడు కనుగొన్నాడు.

మన 2007 చట్టమును గూర్చి సంఘస్థులకు తెలియవలసినది కొంత ఉన్నది. పిల్లలు పోషించకపోతే తలిదండ్రులు ట్రిబ్యునలుకు పోవచ్చును. చూచుకొందుమను షరతుమీద ఆస్తి వ్రాయించుకొని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించవచ్చును. బీద వృద్ధులకు జిల్లాకొక గృహమైనను, కనీసము 150 మందికి, రాష్ట్ర ప్రభుత్వము ఏర్పాటు చేయవచ్చునని వ్రాయబడినది. 'చేయవలెను' అనకపోవుట లోపమని నా అభిప్రాయము. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరు ఉన్నది. సంతానము లేనివారి విషయములో ఆస్తికి వారసుడగు బంధువు బాధ్యుడు. మా పెద్దమ్మ ఆస్తి ఒక ట్రంకుపెట్టె. చట్టము నన్ను పెద్దగా పట్టుకొనదు.

నేను రెండు గృహములను చూచినాను. మొదటిదానికి ముందుగా ఫోను చేసి పగలు పదకొండు గంటలకు వెళ్ళినాను. నున్నని నేల, లిఫ్టు, గోడమీద దేవుని వాక్యములు. మంచమునకు మంచమునకు నడుమ ఒక మనిషి పట్టునంత చోటు. పెట్టె పెట్టుకొనుటకు స్థలము లేదు, సామానంతయు స్టోరురూములో. రాత్రి ఎవరైన పడితే ఎవరు లేపుదురని అడిగితే "ఆయా ఉంటుందండీ" అన్నారు. ఎంతమందికి ఒక ఆయా అంటే జవాబు రాలేదు. డిపాజిట్టు తిరిగి ఇచ్చు సంగతి కాగితముమీద పెట్టమంటే నవ్వినారు.

రెండవదానికి చెప్పకుండ, సాయంకాలము భోజనాల వేళకు, పెద్దమ్మను వెంటబెట్టుకొనియే వెళ్ళినాను. పాత ఇల్లు, సున్నము రాలుచున్నది. కాని స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీలున్నవి. వరండాలో నలుగురు ముసలమ్మలు గోంగూర వలుచుచున్నారు. పడిపోయినవారి సంగతులు తేదీలతో వ్రాసిన పుస్తకమును మేట్రనుగారు అడుగగానే తెచ్చి చూపినారు. మంచము పట్టి లేవలేని స్థితి వస్తే మీరు తీసికొనిపోవలసి యుండునని ముందే చెప్పినారు. ఆ మాట నాకు కష్టముగా తోచినది గాని దాచకుండ చెప్పినందుకు సంతోషించినాను.

నేను అడిగినవన్నీ అయిన తరువాత పెద్దమ్మ ఒక్కటే అడిగినది. "అమ్మా, నేను నాలుగింటికి లేస్తాను. బైబిలు చదువుకోవడానికి లైటు వేసుకోనిస్తారా?"

"గదిలో పక్కవాళ్ళు పడుకొని ఉంటారు పెద్దమ్మగారూ. వరండాలో కుర్చీ వేయిస్తాను, అక్కడ లైటు మీ ఇష్టం" అని మేట్రనుగారు చెప్పినారు.

తిరిగి వచ్చునప్పుడు ఆటోలో పెద్దమ్మ చాలసేపు మాటలాడలేదు. "నెలరోజులు ఉండి చూస్తాను నాయనా. నీ ప్రసంగం సంగతి నేనే చెప్పుకుంటాలే" అన్నది.

పోయిన సోమవారము దిగబెట్టి వచ్చినాను. రెండు చీరలు, బైబిలు, కళ్ళజోడు తీసికొనిపోయినది. ట్రంకుపెట్టె మాత్రము మా ఇంటిలోనే ఉంచినది.