జెండా మధ్య చక్రం ఎక్కడిది?

ఆగస్టు 15న, జనవరి 26న మన పిల్లలు బడిలో జాతీయ జెండాకు వందనం చేస్తారు. వైశాఖ పౌర్ణమి నాడు విహారంలో బౌద్ధ పతాకాన్ని చూస్తారు. ఆ చక్రం ఎక్కడిది, ఈ రంగులు ఎప్పుడు వచ్చాయి అని వాళ్లు అడిగితే పెద్దవాళ్లమే తడబడతాం. ఒకరు సుదర్శన చక్రమంటారు, ఇంకొకరు రాట్నమంటారు. మనం చెప్పకపోతే పిల్లలకు ఇంకెవరో ఇంకేదో చెబుతారు. అందుకే ధమ్మ తరగతుల్లో కాగితం, స్కేలు, రంగు పెన్సిళ్లతోనే ఈ చరిత్ర చెప్పవచ్చని మేము అంటున్నాం.

మొదట పిల్లలకు కరెన్సీ నోటు మీద ఉన్న సింహాల గుర్తు చూపించండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. సింహాల కింది పట్టీలో ఎద్దుకూ గుర్రానికీ మధ్య చక్రం కనిపిస్తుంది. ఇది సారనాథ్‌లో అశోకుడు నిలిపిన స్తంభం తల. భగవాన్ బుద్ధుడు ఐదుగురు భిక్షువులకు తొలి ఉపదేశం చేసిన చోటు అదే. మట్టిలో పూడిపోయిన ఆ సింహాలు 1904-05 తవ్వకాల్లో బయటపడ్డాయి.

తర్వాత వృత్తలేఖినితో ఒక వృత్తం గీయించండి. కోణమానినితో 15 డిగ్రీలకొక గుర్తు పెట్టిస్తే 24 ఆకులు వస్తాయి. 45 డిగ్రీలకొకటి పెట్టిస్తే ఎనిమిది వస్తాయి. ఎనిమిది ఆకుల చక్రం అష్టాంగ మార్గానికి గుర్తు. సారనాథ్ పట్టీ మీదివి, మన జెండా మీదిది 24 ఆకుల చక్రాలు. రెండూ గీసిన పిల్లవాడు ఆ తేడా మరచిపోడు.

జెండా మీదికి చక్రం ఎలా వచ్చింది? 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. 1931లో కాంగ్రెస్ ఆమోదించిన మూడు రంగుల జెండా మధ్య రాట్నం ఉండేది. పిల్లల చేత పలుచని కాగితం మీద రాట్నం గీయించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని వెనుక నుంచి చూడమనండి. బొమ్మ తిరగబడుతుంది. చక్రం ఎటు చూసినా చక్రమే. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ ఈ ఇబ్బందినీ ప్రస్తావించారు. ఆ చక్రం సారనాథ్ అశోక స్తంభ శీర్షం మీది చక్రమేనని తీర్మానంలోనే రాసి ఉంది. ఇక సుదర్శనం మాటకు తావెక్కడ?

ఇక్కడ మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. చక్రాన్ని బాబాసాహెబ్ ఒక్కరే పెట్టించారని కొన్ని సభల్లో వింటుంటాం. డా. రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన జెండా కమిటీలో బాబాసాహెబ్ అంబేడ్కర్ సభ్యులు. రికార్డు చెప్పేది అది, పిల్లలకు చెప్పవలసిందీ అంతే. ఆయన గొప్పతనానికి అతిశయోక్తి అవసరం లేదు. విన్నదల్లా నమ్మవద్దని కాలాములకు చెప్పిన బుద్ధుని వారసులం మనం.

బౌద్ధ పతాకం విషయంలోనూ అంతే. అది బుద్ధుని కాలం నాటిది కాదు. బ్రిటిష్ పాలనలోని సిలోన్‌లో బౌద్ధులు తమ హక్కుల కోసం పోరాడుతున్న రోజుల్లో కొలంబో కమిటీ దాన్ని రూపొందించింది. 1885లో వైశాఖ పౌర్ణమి అక్కడ ప్రభుత్వ సెలవు దినమైంది. ఆ ఏప్రిల్ 28నే కొటహేనలో మిగెట్టువత్తే గుణానంద థేరో ఆ పతాకాన్ని ఎగురవేశారు. మొదట మరీ పొడుగ్గా ఉన్న దాన్ని మామూలు జెండా కొలతకు తెమ్మని కల్నల్ ఆల్కాట్ సూచించారు. నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ రంగు కాగితాలను నిలువు పట్టీలుగా కత్తిరించి వరుసగా అంటించమనండి. ఆరో పట్టీలో అవే ఐదు రంగులు పైనుంచి కిందికి ముక్కలుగా రావాలి. అన్ని రంగులూ కలిసిన కాంతికి ఆ పట్టీ గుర్తు.

వీలైతే పిల్లలను అమరావతికి తీసుకెళ్లండి. బుద్ధుని రూపం చెక్కకుండా స్తంభం మీద చక్రాన్ని నిలిపి, దానికి మొక్కుతున్న మనుషులను చెక్కిన శిల్పులు మన కృష్ణాతీరం వాళ్లు. జెండా మీది చక్రం ఈ నేలకు కొత్తది కాదని అక్కడ వేరే చెప్పనక్కరలేదు.

తరగతి అయ్యాక కాగితపు జెండాలు నేల మీద పడి ఉండకుండా పిల్లల చేతనే ఏరించి భద్రం చేయించండి. జెండా పట్ల గౌరవం అలవాటయ్యేది అక్కడే.