ఉక్కు సైకిలూ, అరవై అయిదు డిగ్రీలూ

కొండల్లో తొక్కే సైకిల్ ఒకటి కొనాలని ఈ ఏడాది గట్టిగా అనుకున్నాను. యాభై దాటాయి. 1999లో వై2కే పుణ్యమా అని కోబాల్ చేతబట్టుకుని ఈ దేశం వచ్చిన బాపతు. కాంట్రాక్టు రెన్యూ అయిన ప్రతిసారీ "అమ్మయ్య, ఇంకో ఆర్నెల్లు" అనుకునే బతుకు. కాబట్టి మూడేళ్ళకోసారి మార్చే సరదా నాకు లేదు. కొంటే ఒక్కటే కొనాలి, అది పదిహేనేళ్ళయినా ఉండాలి.

షాపుకి వెళితే కార్బన్ ఫ్రేము చూపిస్తారు, లేదా అల్యూమినియంది, ముందూ వెనకా సస్పెన్షన్‌తో. ఎక్కడో మూలన ఇంకో రకం ఉంటుంది. సన్నటి ఉక్కు గొట్టాల ఫ్రేము, ముందు ఫోర్కుకి మాత్రం సస్పెన్షన్, వెనక ఏమీ ఉండదు. వెనక బిగుసుకుని ఉంటుంది కనుక దాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. వాటిలోనూ నిటారు వాలుల్లో రాళ్ళ మీదుగా దూకుడుగా దిగడానికి చేసిన వాటిని అగ్రెసివ్ హార్డ్‌టెయిల్ అంటున్నారు. ఈ కాలంలో ఉక్కేమిటి, వెనక సస్పెన్షన్ లేకుండా ఆ దూకుడేమిటి అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. జవాబు వెతుకుతూ పోతే సంగతి యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళింది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం బే ఏరియా వాళ్ళం గోల్డెన్ గేట్ వంతెన దాటించి, అవతలి గట్టున ఫొటో తీసి వెనక్కి తిప్పేస్తాం కదా. అక్కడ తిరక్కుండా ముందుకి పోతే మారిన్ కౌంటీ, అందులో మౌంట్ టమల్‌పాయిస్. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత సామాన్లలో పడున్న లావు టైర్ల ష్విన్ సైకిళ్ళు ఏరి తెచ్చుకుని కొండ దిగేవారు. షికాగోలోని ష్విన్ కంపెనీ 1933లో ఆ బెలూన్ టైర్లను పరిచయం చేసింది పిల్లల కోసం. 26 అంగుళాల చక్రం, 2.125 అంగుళాల టైరు. పేపర్లు వేసే కుర్రాడు గతుకుల్లో పడిపోకుండా ఫ్రేమును పొడుగ్గా, హ్యాండిల్ గొట్టాన్ని బాగా వాల్చి కట్టారు. మన ఊళ్ళలో పాలక్యాన్లు మోసిన నల్ల సైకిల్ కూడా ఇంచుమించు ఇదే బాణీ. పొడుగు, వాలు, బరువు.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ పక్కన ఒక ఫైర్ రోడ్డు మీద చార్లీ కెల్లీ మొదటి పందెం పెట్టాడు. రెండు మైళ్ళు అటూ ఇటూ దూరం, 1,300 అడుగుల దిగుడు. ఆ రోజు కింద పడకుండా దిగినవాడు ఆలన్ బాండ్స్ ఒక్కడే, గెలిచిందీ అతనే. బ్రేకు అంటే పెడల్ వెనక్కి తొక్కితే హబ్బులో పడేది. కిందికి చేరేసరికి అందులో గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి "రీప్యాక్" అని పేరు. గ్యారీ ఫిషర్ రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు. లెక్క కడితే సగటున గంటకి సుమారు 40 కిలోమీటర్లు, ఆ బ్రేకుతో!

అన్నట్టు, ఇందులో కూపర్టినో వాళ్ళ వాటా కూడా ఉంది. 1974 డిసెంబరులో మారిన్‌లో జరిగిన ఓ సైక్లోక్రాస్ పందేనికి కూపర్టినో నుంచి మారో డర్ట్ క్లబ్ కుర్రాళ్ళు లావు టైర్ల సైకిళ్ళకి గేర్లు బిగించుకుని వచ్చారు. అది చూశాక మారిన్ వాళ్ళ బుర్రలూ అటు తిరిగాయి. అప్పటికి ఆపిల్ కంపెనీ పుట్టడానికి ఇంకా ఏడాది పైనే ఉంది.

పాత ష్విన్ ఫ్రేములు రీప్యాక్ దెబ్బకి విరుగుతుంటే జో బ్రీజ్ 1977లో కొత్తది కట్టడం మొదలుపెట్టాడు. లోహం క్రోమోలీ, అంటే ఇనుములో కాస్త కార్బన్, ఒక శాతం దాకా క్రోమియం, చిటికెడు మాలిబ్డినం. కానీ కోణాలు మాత్రం ష్విన్ ఎక్సెల్సియర్ నుంచే తీసుకున్నాడు. హ్యాండిల్ గొట్టం నేలతో చేసే కోణం, దీన్ని హెడ్ యాంగిల్ అంటారు, 67, 68 డిగ్రీల దగ్గర. అతని మొదటి బ్రీజర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ఫిషర్, కెల్లీ "మౌంటెన్‌బైక్స్" అనే కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ వాళ్ళు జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌తో ఇది బజారున పడింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1980లలో పందేలు పెరిగాయి, అవి కొండ దిగడంలో కాదు, ఎక్కడంలో తేలే పందేలు. దాంతో హెడ్ యాంగిల్ 71 డిగ్రీలకి నిటారైంది. హ్యాండిల్‌ని చాపి పట్టే స్టెమ్ పొడుగైంది, హ్యాండిల్ కురచైంది. ఎక్కడానికి చురుకే. దిగేటప్పుడు మాత్రం మన బరువంతా ముందు చక్రం మీదే పడి, రాయి తగిలితే మనం హ్యాండిల్ మీదుగా అవతల పడతాం. తర్వాత అల్యూమినియం వచ్చి ఉక్కుని పక్కకి నెట్టింది. 1990 డురాంగో ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ ఫోర్కుతో డౌన్‌హిల్ గెలిచాక సస్పెన్షన్ లేని సైకిల్ రోజులు దగ్గరపడ్డాయి. అవసరాన్ని బట్టి ఆకారం మారింది, అందులో తప్పేమీ లేదు. కాకపోతే పందేలతో పనిలేని మామూలు మనిషి కూడా పందెం గుర్రమే ఎక్కాల్సొచ్చింది.

మరి వెనక్కి ఎలా మళ్ళింది? పెద్ద కంపెనీల వల్ల కాదు. 2003లో విస్లర్‌లో క్రోమాగ్ మొదలైంది, ఇంగ్లండులో కోటిక్ సోల్ అనే ఫ్రేము వచ్చింది. ఇలాంటి చిన్నచిన్న చోట్ల ఉక్కు ఫ్రేముకి పొడవాటి ఫోర్కు పెట్టి, కోణం ఏటా కాస్త కాస్త వాల్చుతూ పోయారు. ఉక్కే ఎందుకంటే, నాకు నచ్చిన కారణం ఇది. కార్బన్ ఫ్రేముకి ప్రతి సైజుకీ ఒక అచ్చు కావాలి, ఆ ఖర్చు పెట్టాక కోణం మార్చడానికి ఎవరికీ మనసొప్పదు. అల్యూమినియంని వెల్డింగు చేశాక కొలిమిలో వేడి చేసి బలం మళ్ళీ తెప్పించాలి. ఉక్కుకి ఆ తద్దినం లేదు. గొట్టం కోసి, కొత్త కోణంలో నిలబెట్టి, అతికించి, సాయంత్రానికి కొండ మీద తొక్కి చూడొచ్చు. 1977లో జో బ్రీజ్ చేసిందీ అదే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఉక్కు ఫ్రేము టెక్స్ట్ ఫైలు లాంటిది. ఎవరైనా తెరిచి ఒక లైను మార్చుకోవచ్చు. ఇలా ఒక్కడు కూర్చుని మనసు మార్చుకోగల లోహం కాబట్టే ప్రయోగాలు దాని మీద జరిగాయి. 71 నుంచి 68, 66, ఇప్పుడు 64, 65. ష్విన్ దగ్గరికి చేరి, దాన్ని దాటి కూడా వెళ్ళిపోయాం.

ఉక్కు గురించి భ్రమలూ ఉన్నాయి. "ఉక్కు స్ప్రింగులా ఊగి నడుముని కాపాడుతుంది" అంటారు. అన్ని రకాల ఉక్కులకీ బిగువు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. ఖరీదైన రెనాల్డ్స్ 853 అయినా మామూలు 4130 అయినా అంతే. తేడా బలంలో. బలం ఎక్కువైతే గొట్టం గోడ పల్చన చేసుకోవచ్చు, బరువు తగ్గుతుంది. నడుముని కాపాడేవి టైర్లు. ఇక ఫ్రేము అల్యూమినియంది కంటే అర కేజీ, ఒక్కోసారి కేజీ ఎక్కువ తూగుతుంది, లోపల తుప్పు పడుతుంది. బదులుగా దొరికేది ఓర్పు. ఒక హద్దు లోపల ఎన్ని లక్షలసార్లు వంచినా ఉక్కు అలిసిపోదు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు, చిన్న దెబ్బలు కూడా లెక్కలో జమవుతూనే ఉంటాయి. పైగా ఉక్కు పగిలితే ముందు బీటలో తెలుస్తుంది, అతికించే మనిషి ఏ ఊళ్ళోనైనా దొరుకుతాడు.

అయితే ఉక్కు కొన్నంత మాత్రాన పదిహేనేళ్ళు గ్యారంటీ అనుకోకండి. నాకు అసలు కనువిప్పు ఇక్కడే. 1990ల నాటి మంచి ఉక్కు ఫ్రేములు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. కానీ 26 అంగుళాల చక్రానికి, ఆ సన్నటి హెడ్ ట్యూబుకి పట్టే మంచి కొత్త ఫోర్కు కోసం వెతుక్కోవాల్సిందే. 1933 నుంచి ఏలిన చక్రం, 1999లో మొదటి 29 అంగుళాల మౌంటెన్ టైరు వచ్చాక ఇరవై ఏళ్ళు తిరక్కుండానే మూలపడింది. ఫ్రేము చావలేదు, చుట్టూ ఉన్న కొలతలు దాన్ని వదిలి వెళ్ళిపోయాయి. కోబాల్ రాసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ప్రోగ్రాము పనిచేస్తూనే ఉంటుంది, దానికి అతుక్కునేవి దొరకడమే కష్టం.

అందుకని నా ఎంపిక ఇలా తేలింది. హెడ్ యాంగిల్ 65, ఫోర్కు 140 మిల్లీమీటర్లు. హార్డ్‌టెయిల్ మీద ఎక్కి కూర్చుంటే ముందు ఫోర్కు ఒక్కటే కుంగి కోణం నిటారవుతుంది, ప్రతి 20 మిల్లీమీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ. అంటే కాగితం మీది 65 నా బరువు కింద 66 దాటి 67కి చేరువవుతుంది. ఇంచుమించు జో బ్రీజ్ లెక్కే. సీటు గొట్టం నిటారుగా 75 పైన ఉండాలి, ఎక్కేటప్పుడు ముందు చక్రం లేవకుండా. పెడళ్ళ దగ్గర బేరింగులు మరతో బిగించేవి కావాలి, గుద్ది దిగ్గొట్టేవి వద్దు. హెడ్ ట్యూబు 44 మిల్లీమీటర్లది, సన్న మెడ ఫోర్కయినా లావు మెడదయినా పట్టేలా. వెనక చక్రం ఇరుసు పట్టే కొసలు విప్పి మార్చుకునే రకం, రేపు ఇరుసు కొలత మార్చినా ఫ్రేము పారెయ్యక్కర్లేకుండా.

రంగు సంగతి మా అమ్మాయికి వదిలేశాను. కోణం మాత్రం ఎవరు చెప్పినా మార్చేది లేదు.