రైతును అడగని కాలువ

కర్నూలు–కడప కాలువను తవ్వింది ఒక ప్రైవేటు కంపెనీ. దానికి వ్యూహం ఉంది, పెట్టుబడి ఉంది, నీటికి కట్టిన ధర ఉంది. ఆ నీళ్లు కొనవలసిన రైతు ఏమంటాడన్నది మాత్రం ఎవరూ ముందుగా తేల్చుకోలేదు. ఈనాడు ప్రొడక్ట్ మేనేజర్లు అనే ఉద్యోగులు చేసే పని సరిగ్గా అదే: ఏ వస్తువు, ఎవరికోసం, ఏ ధరకు, దేని తర్వాత ఏది అని నిర్ణయించడం. అందుకే ఈ కాలువ కథ వాళ్లకు అక్కరకొస్తుందని నా నమ్మకం.

ఆ కంపెనీ 1858 నాటి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. దాని వెనక ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికే గోదావరి డెల్టాను పచ్చగా మార్చింది. తుంగభద్రను మళ్లిస్తే పొలాలూ తడుస్తాయి, కాలువలో పడవలూ నడుస్తాయి అన్నది ఆయన లెక్క. పది లక్షల పౌండ్ల మూలధనానికి 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం పూచీ పడింది. అంటే ఒక్క ఎకరం తడవకపోయినా వాటాదారుడి రాబడికి లోటు లేదు. అసలు చిక్కు ఇక్కడే పడింది. రైతు కాదన్నా నష్టం రాని కంపెనీకి అతన్ని అడగవలసిన అవసరం ఏముంటుంది?

1863లో పని మొదలైంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, సుమారు 190 మైళ్ల కాలువను కడప దాకా తెచ్చారు. నీళ్లు వచ్చాయి, రైతులు రాలేదు. కాలువ పారిన దారిలో చాలా భాగం నల్లరేగడి. ఆ నేలలో ఉత్తర, హస్త కార్తెల్లో ఒక మంచి వాన పడితే చాలు, రైతు గొర్రు కట్టి జొన్నో పత్తో విత్తుతాడు. పైన నెర్రెలు విచ్చినా లోపలి పదునుతోనే పైరు గట్టెక్కుతుంది. అలాంటి చేనికి తీరువ కట్టి నీళ్లు పెట్టడం అతనికి దండగ ఖర్చు. వరికి మారుదామంటే గట్లు వెయ్యాలి, మడి చదును చెయ్యాలి, కూలీలను పెట్టాలి. ధాత కరువులో, అంటే 1876–78లో, కాలువ నీటికి జనం ఎగబడ్డారు. వానలు తిరిగిరాగానే అడిగేవాళ్లు తగ్గారు. రవాణా ఆశ కూడా నిలవలేదు: ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా మద్రాసు–రాయచూరు రైలు మార్గం 1871 నాటికే పూర్తయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది.

విచిత్రమేమంటే, ఇదే సీమలో అరవై ఏళ్ల ముందు దీనికి పూర్తిగా భిన్నమైన పని జరిగింది. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే ఈ సీమను, ఇంగ్లీషు వారికి వదిలేశాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ప్రతి పొలాన్నీ కొలిపించి, నేల రకాన్ని బట్టి శిస్తు కట్టించాడు. ఆ శిస్తు రైతు మొయ్యలేనంత భారమని తెలిశాక, దాన్ని తగ్గించాలని 1807లో తానే సిఫారసు చేశాడు. మన్రో పరిపాలనలో మెచ్చుకోలేనివి చాలా ఉన్నాయి. కానీ పొలం దాకా వెళ్లి చూడటం, చూశాక తన లెక్కను తానే దిద్దుకోవడం, ఈ రెండూ కాలువ కంపెనీ దగ్గర లోపించాయి.

పొలం వైపు నుంచి మొదలైన పనికి ఈ కాలపు ఉదాహరణ కూడా ఉంది. కృత్రిమ మేధ (ఏఐ) మన పొలాల్లోకి వచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి ఈ కాలువ పుట్టిన కర్నూలు జిల్లాలోనే ఉంది. 2016 ఖరీఫ్‌లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్ఎంఎస్ పంపాయి. ఆ సలహా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కల మీద ఆధారపడింది. రైతు కొత్తగా కొనవలసిందేమీ లేదు, చేతిలోని మామూలు ఫోను చాలు. సలహా పాటించినవారికి దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఒక్క ఏడాది ఫలితాన్ని శాసనంలా పట్టుకోకూడదు. కానీ వాళ్లు ఎంచుకున్న ప్రశ్న గట్టిది. కార్తెలు లెక్కపెట్టుకుంటూ రైతు తరతరాలుగా తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది.

నేడు ప్రొడక్ట్ మేనేజర్లు ఏఐతో గుట్టలకొద్దీ అభిప్రాయాలను నిమిషాల్లో కుదించి ప్రణాళికలు రాయించుకుంటున్నారు. ఆ సాధనం సంగ్రహించేది నోరు విప్పినవారి మాటలనే. కాలువ వచ్చిన కొత్తలో జొన్న విత్తిన రైతు ఏ కంపెనీకీ అర్జీ రాయలేదు, నీళ్లు తీసుకోకుండా ఊరుకున్నాడు, అంతే. ఇప్పుడు జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసేవాడి అవసరం వేరు, ప్రొద్దుటూరు చుట్టూ ఇదే కర్నూలు–కడప (కేసీ) కాలువ కింద వరి, పసుపు పండించేవాడిది వేరు, పులివెందులలో బోరు నీటిని డ్రిప్‌తో చీనీకి, అరటికి పొదుపుగా పారించేవాడిది మరీ వేరు. ఒకే కడప జిల్లా, మూడు రకాల సేద్యం. వీళ్లకోసం ఏదైనా తయారుచేసేవారు తెర ముందు కూర్చునే ముందు ఈ మూడు చోట్లా గట్టు మీద నిలబడి అడగండి: మీ నేల ఏది, నీరు ఎక్కడిది, ఏ కార్తెలో విత్తుతారు, మా సాధనం లేకపోతే మీకు ఆగిపోయే పని ఏమిటి?